పాత కాగితం చదివేవాళ్లు

జనగామ దిక్కు ఊళ్లలో ఒకప్పుడు పాత కాగితం చదివిపెట్టేవాళ్లు ఉండేవాళ్లు. ఊరికొకరు లేకపోయినా నాలుగైదు ఊళ్లకు ఒకరైనా దొరికేవాళ్లు. అన్నదమ్ముల మధ్య పంపకాలు వచ్చినా, హద్దు రాయి దగ్గర మాట పెరిగినా, కోర్టు నుంచి సమన్లు వచ్చినా, జనం సందుగలోంచి రుమాలు మూట బయటికి తీసేవాళ్లు. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కాగితాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని వాళ్ల వాకిట్లోకి నడిచేవాళ్లు. ఆ పెద్దమనిషి అరుగు మీద కూర్చుని, కాగితాన్ని వెలుగుకు తిప్పి, చూపును కుడి నుంచి ఎడమకు నడిపిస్తూ, నోటితో మాత్రం తెలుగు చెప్పుకుంటూ పోయేవాడు. కళ్ల ముందు ఉర్దూ, నోట్లో తెలుగు. తడుముకోవడం ఉండేది కాదు. వింటున్న రైతుకు ఆ కాగితం మొదటి నుంచీ తెలుగులోనే రాసి ఉందేమో అనిపించేది.

మా తాత అలా చదివేవాళ్లలో ఒకడు. పటేలూ కాదు, పట్వారీ కాదు. ఉర్దూలో మిడిల్ దాకా చదివి, తాలూకా కచేరీ ముందర అర్జీలు రాసుకుని బతికిన మనిషి. పట్వారీకి ఒంట్లో బాగాలేనప్పుడు కొన్నాళ్లు అతని దఫ్తరు కూడా చూశాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఆయనతో అర్జీ రాయించుకునేవాళ్లు లేరు. అర్జీలన్నీ తెలుగులోకి వచ్చేశాయి. చదివించుకునేవాళ్లు మాత్రం వస్తూనే ఉండేవాళ్లు. పైసలిస్తే తీసుకునేవాడు కాదు. ఏ కాలంలో పండింది ఆ కాలంలో తెచ్చి అవ్వ చేతికిచ్చి పోయేవాళ్లు, పెసర్లో, అనపకాయలో, సీతాఫలాలో.

ఆ రాత సంగతి చెప్పాలి. పుస్తకాల్లో కనిపించే ఉర్దూ వేరు, కచేరీ ఉర్దూ వేరు. కచేరీ రాతను షికస్తా అనేవాళ్లు. కలం ఎత్తకుండా, వేగంగా, ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంలోకి వంచేసి రాసే రాత. చుక్కలు పెట్టాల్సిన చోట పెట్టరు, పెట్టినా పక్కకు జరిగి ఉంటాయి. పైగా ఆ లిపిలో హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు, చదివేవాడే పూరించుకోవాలి. మన ళకారానికీ ణకారానికీ అక్కడ అక్షరాలే లేవు. ఇప్పుడు ఆ రాతలో మా ఊరి పొలాల పేర్లను తలచుకోండి. మంగలోనికుంట, గండి చెల్క, ఈదులవాగు, పోచమ్మ మడి. ఎప్పుడో నిజాం కాలపు సర్వేలో ఎవరో ఒక ఉద్యోగి చెట్టు కింద కూర్చుని, సేద్యగాడు నోటితో చెప్పిన పేరు విని, తన చెవికి అందినట్టుగా ఉర్దూ అక్షరాల్లో పెట్టాడు. లక్నో నుంచి ఎంత పెద్ద పండితుడు దిగివచ్చినా ఆ పేరు పలకలేడు. ఆ చెల్క దున్నిన రైతు ఆ కాగితంలో తన చెల్కను పోల్చుకోలేడు. ఆ పేరు చదవాలంటే లిపి రావాలి, ఆ నేల మీద నడిచి కూడా ఉండాలి.

తాత ఏదైనా పేరు దగ్గర ఆగితే కాగితం ఒళ్లో పెట్టుకుని, "గీ భూమికి పడమట ఏమున్నదిరా?" అని అడిగేవాడు.

"తుమ్మలున్నయి బాపూ, అటెన్క వాగు."

"అట్లయితే గిది గండి చెల్కే" అని ముందుకు పోయేవాడు.

ఆయనకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు అని రెండు ముక్కలుగా చెబితే నాకు సరిపోయినట్టు ఉండదు. ఆ రెండూ కలిసే చోటే ఆయన ఊరికి పనికొచ్చాడు. ఆ చోటు ఇవాళ మా దిక్కు ఎవరిలోనూ మిగల్లేదు. దాని గురించి ఎవరూ బాధపడలేదు కూడా, ఎందుకంటే దాన్ని ఒక విద్యగా ఎవరూ లెక్కపెట్టలేదు.

ఉత్తరాలు చదవడం ఇంకో పని. నేను పుట్టకముందటి ముచ్చట అది. మా మేనత్త చిన్నపిల్లగా తాత పక్కన కందిలి పట్టుకుని కూర్చునేది గనక, ఆమె చెబితే నాకు తెలిసింది. మా దిక్కు నుంచి బొంబాయికి, షోలాపూరుకు, భివండికి మగ్గాల మీదికీ మిల్లుల్లోకీ పోయినవాళ్లు చాలామంది. వాళ్లకు చదువు రాదు. అక్కడ ఉర్దూ చదువుకున్న మన దిక్కు మనిషి ఎవరో ఒకడు అందరికీ కార్డులు రాసిపెట్టేవాడు. చెప్పేవాడు తెలుగులో చెబుతాడు, రాసేవాడు ఉర్దూలో రాస్తాడు, కార్డు ఊరికి చేరాక తాత దాన్ని మళ్లీ తెలుగు చేస్తాడు.

ఉర్దూ ఉత్తరానికి ఒక మర్యాద ఉంది. పెద్దలకు సలాములు, పిల్లలకు దువాలు, ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీ క్షేమం కోరుతున్నాం అనే వరుస ఒకటి తప్పకుండా పడాలి. రాసిపెట్టేవాడు ఎవరి మాటనైనా ఆ వరుసలోనే పెట్టేవాడు. అందులో మొగుడి గొంతు వినపడదు. పెళ్లాం పేరు ఉండదు, ఫలానా పిల్లగాని తల్లికి అన్నట్టుగానే ఉంటుంది. తాత మొదట కార్డంతా మనసులో చదువుకునేవాడట. తర్వాత తలెత్తి, ఆ బొంబాయి మనిషి మాట్లాడే తీరులోనే చెప్పేవాడట. ఊళ్లో ఎవరు ఎట్లా మాట్లాడతారో ఆయనకు తెలుసు. "బర్రెను అమ్మకు. నేనొచ్చేదాక పాలోళ్లను పైసలడగకు. పిల్లగానికి చెప్పులు గొన్న, దసరకు తెస్త." గడప దగ్గర కొంగు నిండా కప్పుకుని నిలబడ్డ ఆ ఇల్లాలు అంతా విని, "గట్లనే అన్నడా?" అని అడిగేదట.

"గట్లనే అన్నడమ్మా" అనేవాడట తాత.

ఇంకోసారి చదవమంటే ఇంకోసారి చదివేవాడు, ఒక్క మాట మారకుండా. కార్డు మీద లేనిదేమైనా కలిపేవాడా అని మా అత్త ఒకసారి అడిగిందట. ఉన్నదానికి ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదన్నాడట. నేనది నమ్ముతాను. రెండు సార్లు భాష మారిన మాట చివరికి చెప్పినవాని గొంతుతోనే ఇల్లు చేరింది. మనసులో మాట పుట్టు భాషలో తప్ప ఇంకెందులోనూ ఒదగదని గట్టిగా చెప్పేవాళ్లను విన్నప్పుడల్లా నాకు ఆ కార్డులు యాదికొస్తాయి. దారి పొడుగునా దాన్ని జాగ్రత్తగా మోసినవాళ్లు ఉన్నారు గనక అది చేరింది. ఆ మోసినవాళ్లు ఎవరో ఆ ఇల్లాలికి తెలుసు, ఆమె మొగుడికీ తెలుసు.

చావు కబురు కార్డులు మాత్రం అరుగు మీద చదివేవాడు కాదు. చేతికి రాగానే మూల చిరిగి ఉంటే లేచి వేపచెట్టు దాకా నడిచేవాడు. అక్కడే చదివి, చించేసి, ఆ ఇంటి పెద్దను పిలిపించుకుని తెలుగులో చెప్పేవాడు. అట్లాంటి కార్డు ఏదీ ఆయన ఇంట్లోకి తేలేదని అత్త చెప్పింది.

ఆయన నోట ఏ భాష ఎప్పుడు వస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. పైసలు లెక్కపెడితే ఉర్దూ, వడ్లు కొలిస్తే తెలుగు. కళ్లంలో కుంచం నింపి మొదటి కొలతకు ఒకటి అనకుండా లాభం అని, ఆపైన రెండు, మూడు అని రాగం తీసుకుంటూ పోయేవాడు. అదే మనిషి సాయంత్రం కందిలి ముందు లెక్క చూసుకుంటూ ఉర్దూ ఎక్కాలు గొణిగేవాడు. పొద్దున స్నానం చేసి పోతన పద్యం. చిన్న కోపమొస్తే తెలుగులో తిట్టేవాడు, ఆ తిట్లు తగిలేవి కావు. పెద్ద కోపమొస్తే మాట ఉర్దూలోకి మళ్లి మర్యాద పెరిగేది. సొంత కొడుకును 'ఆప్' అని పిలిచాడంటే నాయన ఆ పూట ఇంట్లో అన్నం తినడానికి కూడా వచ్చేవాడు కాదు. మనవలను ఒళ్లోకి తీసుకుంటే తెలుగే. కాని రాత్రిపూట రేడియోలో ఎవరైనా గజల్ అందుకుంటే, వింటూ వింటూ కండువా అంచుతో కళ్లు ఒత్తుకునేవాడు. ఈ పంపకానికి ఒక సూత్రం ఉందా అని నేను చాలాకాలం వెతికాను. అధికారానికి ఉర్దూ, ప్రేమకు తెలుగు అని చెప్పేద్దామంటే ఆ గజళ్లు అడ్డం వస్తాయి.

కాలాన్ని కూడా ఆయన మూడు తీర్లుగా చూసేవాడు. పండుగలకు చైత్ర వైశాఖాలు. నౌకరీ చేసే కొడుకుల కోసం జనవరి ఫిబ్రవరి. మిగతా అన్నిటికీ నిజాం రాజ్యపు ఫసలీ: ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్. పిల్లల పుట్టిన తేదీలు ఒక నోటుబుక్కులో ఫసలీలోనే రాసిపెట్టుకున్నాడు. మా నాయనది 1349 ఫసలీ, బహమన్ నెల. దానికి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది, జనవరి వచ్చాక 591 కలపాలి. నాయన కాగితాల్లో ఒకచోట 1939, ఇంకోచోట 1940 ఉండటానికి కారణం అదే. రూపాయల మాట వచ్చినా అంతే. భూమి కొన్న ధర హాలీ సిక్కాల్లో చెప్పి, కల్దారులో ఇంత అని మళ్లీ చెప్పేవాడు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. ఆ హాలీ నోటు ఒకటి నోటుబుక్కులోనే దాచాడు. దాని మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు ఉండేవి. నాలుగు భాషల జనాన్ని ఏలిన రాజ్యం నోటు మీద ఆ నలుగురినీ గుర్తుపెట్టుకుంది. బడి దగ్గరా కచేరీ దగ్గరా అలా గుర్తుపెట్టుకోలేదు.

ఈ మాట దాటవేస్తే నేను చెప్పేదంతా ఒక పక్క ముచ్చటే అవుతుంది. ఆ రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్నవాళ్లు తెలుగువాళ్లు. 1880ల్లో కచేరీ భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది, మన దాకా రాలేదు. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మన దేశపు భాష ఒకదానిలో వైద్యం, ఇంజనీరింగు సహా పై చదువులన్నీ చెప్పి చూపించింది. అందుకోసం పెట్టిన తర్జుమా సంస్థ పుస్తకాలను రాశులుగా ఉర్దూలోకి తెచ్చింది. అది గొప్ప పని, ఆ మాట మనస్ఫూర్తిగా అంటాను. కాని ఆ గొప్ప పని తెలుగుకు, మరాఠీకి, కన్నడానికి జరగలేదు. తెలుగు పుస్తకం ఒకచోట దొరకాలని 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నది జనమే. 1921 నవంబరులో అదే నగరంలోని వివేకవర్ధని థియేటరులో మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో ఎగతాళి చేశారు. మరాఠీలో మాట్లాడొచ్చు, ఉర్దూలో మాట్లాడొచ్చు, తెలుగుకే నవ్వు వచ్చింది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు 1928లో ఆడపిల్లలకు తెలుగు బడి తెరిచాడు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు బదులుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు.

మా తాతకు తెలుగు అక్షరాలు బడి నేర్పలేదు. ఆయన తల్లి, వాకిట్లో ఇసుక పోసి, పెద్దబాలశిక్ష తెలిసిన ఒక పెద్దమనిషిని బతిమాలి దిద్దించింది. ఆ కష్టం ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు. "మన బాస మనకు దొంగతనంగ నేర్సుకున్నట్టు నేర్సుకోవడ్డది" అనేవాడు. ఆ మాట అన్న గంటలోపే సియాసత్ పత్రిక కోసం పోస్టుమాన్ దారి చూస్తూ నిలబడేవాడు. 1949లో మొదలైన ఆ ఉర్దూ పత్రిక ఒక రోజు ఆలస్యంగా మా ఊరికి వచ్చేది. అచ్చుతో నిండిన ఆ నాలుగు కాగితాలు ఆయన ఒక్క ప్రకటన కూడా వదలకుండా చదివేవాడు.

బలవంతంగా మీద పడ్డ భాషను ఆ తరం మనసారా తనది చేసుకుంది. నాకు ఇది ఆశ్చర్యమే, గౌరవం కూడా. దాశరథి కృష్ణమాచార్య నిజామును తిట్టి నిజామాబాదు జైలుకు పోయి, అక్కడ గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసినవాడు. ఆ దాశరథే తర్వాత గాలిబును తెలుగు చేసి గాలిబ్ గీతాలు ఇచ్చాడు. రాజు మీద ఉన్న కోపం గాలిబు దాకా పోలేదు. ఆదిలాబాదు జిల్లాలో పుట్టిన సామల సదాశివ అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగులోకి తెచ్చాడు. ఆ అమ్జద్ 1908 మూసీ వరదలో తల్లినీ భార్యనూ బిడ్డనూ పోగొట్టుకున్న కవి. సదాశివ రాసిన యాది చదువుతుంటే తెలుగు, ఉర్దూ, హిందుస్తానీ సంగీతం ఒకే ఇంటి మనుషుల్లా తిరుగుతుంటాయి. సి. నారాయణరెడ్డి కాలేజీలో చదివింది ఉర్దూ మాధ్యమంలో.

ఇక కాళోజీ. తండ్రి వైపు మరాఠీ, తల్లి వైపు కన్నడం. 1914లో ఆయన పుట్టింది కన్నడ దేశపు రట్టిహళ్లిలో. పెరిగింది ఓరుగల్లు పక్కన మడికొండలో. చదివింది ఉర్దూ. అన్న రామేశ్వరరావు ఉర్దూ కవి. ఇంత కలగలిసిన ఇంట్లోంచి వచ్చిన మనిషి పుట్టినరోజును, సెప్టెంబరు 9ని, తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ప్రసంగాలు చేసేవాళ్లు ఆయన ఇంటి భాషల సంగతి కూడా చెబితే బాగుంటుందని ప్రతి ఏడూ అనుకుంటాను. తెలుగు ఆయనకు పుట్టుకతో వచ్చిపడ్డది కాదు, ఊరి జనం మధ్య పెరిగి తనది చేసుకున్నది. ఆ జనం పలుకుబడి కోసం ఆయన అంతగా కొట్లాడటానికి అదీ ఒక కారణమని నేననుకుంటాను.

ఉర్దూ నిజాము సొత్తు అన్న లెక్క కూడా నిలవదు. రజాకార్ల అకృత్యాలను ఎదిరించి, సంస్థానం భారతదేశంలో కలవాలని ఇమ్రోజ్ పత్రికలో రాసినందుకు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో చంపారు. ఆయన రాసింది ఉర్దూలోనే. రైతాంగ పోరాటానికి పాట కట్టిన మఖ్దూం మొహియుద్దీన్ రాసిందీ ఉర్దూలోనే. తాత వాళ్లిద్దరి పేర్లూ లేచి నిలబడి చెప్పినంత మర్యాదగా చెప్పేవాడు.

ఇంట్లో ఆడవాళ్లకు ఈ ఉర్దూ చదువు లేదు. అయినా అవ్వకు దాని రుచి తెలుసు. పక్క సాయెబుల ఇంటి ఖాలా పొద్దుగూకేముందు మా అరుగు మీదికి వచ్చేది. ఖాలా దక్కనీలో మాట్లాడేది, అవ్వ తెలుగులో బదులు చెప్పేది. ఏళ్ల తరబడి అట్లాగే నడిచింది. ఇద్దరూ ఎదుటివాళ్ల భాష పూర్తిగా ఎరిగినవాళ్లే, కాని ఎవరూ తమది విడిచి ఇవతలికి రాలేదు, రమ్మని అడగనూ లేదు. కోడళ్ల మీద చాడీలు, కూరల ధరలు, కాన్పుల భయాలు ఆ రెండు భాషల్లో ఎదురెదురుగా సాగిపోయేవి. పీర్ల పండుగకు అలావా చుట్టూ తిరుగుతూ కర్బలా కథను తెలుగు పాటలుగా పాడేది మా ఊరి గొల్లలూ మాదిగలూ. పీరును ఎత్తుకునేవాళ్లలో కూడా వాళ్లుండేవాళ్లు. హసన్ హుసేన్‌ల కోసం ఏడ్చిన ఏడుపంతా మా ఊళ్లో తెలుగులోనే ఏడ్చారు. ఖాలా కూడా ఆ పాటలకే ఏడ్చేది.

మా నాయన బడికి పోయిన కాలంలోనే అంతా మారింది. మొదటి రెండేళ్లు అలిఫ్ బే దిద్దాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక బడి తెలుగులోకి వచ్చింది. ఆ మార్పు రావలసిందే. కాని ఆయన రెండింటి మధ్యా పడ్డాడు. దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదివేవాడు, తన తండ్రి రాత చదవలేకపోయేవాడు. 1956లో రెండు తెలుగు ప్రాంతాలూ ఒక రాష్ట్రమైన తర్వాత నౌకరీ కోసం నగరానికి వస్తే ఇంకో తెలుగు ఎదురైంది. ఆయన మాట విని తోటి ఉద్యోగులు నవ్వేవాళ్లు. దవాఖాన, తారీఖు, జల్ది, పరేషాన్ లాంటి మాటలు తెలుగులో కలిశాయని, అది చెడిపోయిన తెలుగని అనేవాళ్లు. సినిమాల్లో ఆ యాసను చాలాకాలం రౌడీలకూ నవ్వించేవాళ్లకూ మాత్రమే ఇచ్చారు. నాయన ఆఫీసులో ఒక తీరుగా, ఇంట్లో ఇంకో తీరుగా మాట్లాడటం నేర్చుకున్నాడు. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఆయన గొంతే మారిపోయేది. చిన్నప్పుడు మేము పక్కగదిలోంచి విని, ఎవరో కొత్త మనిషి ఇంటికి వచ్చాడనుకునేవాళ్లం. తాతది సభలో తెలుగు మాట్లాడితే అవమానం ఎదురయ్యే కాలం. కొడుక్కి తన తెలుగు మాట్లాడితే అవమానం. తండ్రీకొడుకులు ఈ ముచ్చట మాట్లాడుకోగా నేను ఎన్నడూ వినలేదు. ఉర్దూ మాట కలిస్తే తెలుగు చెడుతుందన్న మాట నాకు అప్పుడూ కోపం తెప్పించింది, ఇప్పుడూ తెప్పిస్తుంది. ఆ మాటలతోనే మా వాళ్లు పెళ్లిళ్లు కుదుర్చుకున్నారు, చచ్చినవాళ్లను సాగనంపారు.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. వంశపారంపర్యంగా వచ్చిన ఆ అధికారం పోవడం ఊళ్లకు మంచిదే, వాళ్ల చేతుల్లో నలిగినవాళ్లు నలిగారు. దాంతోపాటు ఆ కాగితాల మీద చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఇళ్లలో కూర్చున్నారు. కొత్త రికార్డులు తెలుగులో రాశారు, తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించారు. పహాణీ, ఫౌతీ, విరాసత్, జమాబందీ అనే మాటలు అట్లాగే నిలిచాయి. చదువు రాని రైతు నోట కూడా అవి పలుకుతాయి. ఆ మాటలు మొదట ఏ రాతలో ఉన్నాయో ఆ రాత చదివేవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఆ రోజుల్లోనే తాతా పోయాడు. ఆయన కలం, దవాతు, నోటుబుక్కు, రుమాలు మూట సందుగలోనే ఉండిపోయాయి. మేము మనవలం హిందీ పాటలు పాడుకుంటాం, పాతబస్తీలో బేరమాడుకుంటాం, గజల్ వింటే తల ఊపుతాం. కాని ఆ మూట విప్పితే అందులో ఏది క్రయపత్రమో ఏది ఉత్తరమో మాకెవరికీ తెలియదు.

ఈ మధ్య ఒక సర్వే నంబరు తేడా తేల్చుకోవలసి వచ్చి ఆ మూట విప్పాం. అందులో పాత సర్వే రికార్డు, సేత్వారు నకలు ఒకటి దొరికింది. పాతబస్తీలో ఉద్యోగ విరమణ చేసిన ఉర్దూ పంతులు ఒకాయన ఉన్నాడని తెలిసి తీసుకెళ్లాను. ఆయన షికస్తా చదవగలడు. అత్త తానూ వస్తానంటే వద్దనలేకపోయాను. ఆమెకు ఏ భాషలోనూ అక్షరాలు రావు.

పంతులుగారు కళ్లద్దాలు సర్దుకుని మొదలుపెట్టారు. పట్టాదారు పేరు, విస్తీర్ణం, ఖుష్కీ, తరి అన్నీ గడగడా చదివారు. పొలం పేరు దగ్గరికి వచ్చేసరికి నిలిచిపోయారు. గందీ చల్కా, గుండి చిల్కా అని రెండు మూడు రకాలుగా పలికి చూశారు.

"గండి చెల్క" అంది అత్త. "కట్ట తెగిన గండి ఉండె, దాని పక్కపొంటి."

ఆయన ఆమె దిక్కు చూసి, "మళ్లీ చెప్పండమ్మా" అన్నారు. చెప్పింది. ఆయన పెన్సిలు తీసుకుని ఆ పేరు పక్కనున్న తెల్ల కాగితం మీద ఉర్దూలో రాశారు, ఈసారి అచ్చుల గుర్తులన్నీ పైనా కిందా పెట్టి. నన్ను తెలుగులో రాయమన్నారు. తర్వాతి పేరు ఆయన సగం పలకగానే అత్త అందుకుంది, మంగలోనికుంట. ఆ తర్వాతి పేరు ఎన్ని తీర్లుగా చదివినా ఆమెకు తోచలేదు. కాసేపు ఊరుకుని, "దాని పడమట ఏం రాసిండు?" అని అడిగింది.

ఆయన హద్దుల వరుస చూసి, "మగ్రిబ్‌లో నాలా ఉందమ్మా" అన్నారు.

"నాలా అంటే వాగేగద. అట్లయితే గది ఈదులవాగు కింది మడి. మా నాయన పొత్తుకు చేసిండు దాన్ని."

మధ్యాహ్నం దాకా అట్లా సాగింది. పంతులుగారి ఇంట్లో చాయ్ రెండుసార్లు వచ్చింది. రెండు పేర్లు మాత్రం ఇద్దరికీ అందలేదు. నేను వాటి ఎదురుగా గీత గీసి వదిలేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. ఆ దిక్కంతా గొర్లు కాసిన గొల్లోళ్ల పెద్దమ్మ ఊళ్లో ఇంకా ఉందని, ఆమెకు ఫోను చెయ్యమని, అప్పటిదాకా తాను లేవనని అక్కడే కూర్చుంది. పంతులుగారు కాగితం ముందు నుంచి జరగలేదు. నేను ఊళ్లో తమ్ముడికి ఫోను కలిపాను.